పంతొమ్మిదిన్నర తాళ్లు

డెబ్భై మూడు కరువులో కూలికి జొన్నలిచ్చి, మట్టి మోయించి కట్టించిన స్టేడియం అది. కాగితాల్లో దానికి ఏదో పెద్దమనిషి పేరుంది గానీ, జనం నోట్లో కరువు స్టేడియమే. అక్కడ ఆటలొక్కటే ఆడారనుకుంటే పొరపాటు. పంద్రాగస్టు కవాతు అక్కడే, సర్కస్ డేరా అక్కడే, పోలీసు సెలక్షన్లూ అక్కడే. గడ్డి దొరకని ఏడాది ఊళ్ల పశువులన్నీ అక్కడే నెమరేశాయి. ఆ పేడ ఎత్తి, అదే నేల మీద సున్నంతో కబడ్డీ కోర్టు గీసినవాడు ఆదెప్ప. మట్టి మోయడానికి వచ్చి, కాపలాదారుగా అక్కడే నిలిచిపోయాడు.

చదువు లేదు గానీ కొలత మాత్రం ఘనం. తానే పేనుకున్న కిత్తనార తాడొకటి ఉండేది, సరిగ్గా ఇరవై మీటర్లు. ఇరవై తాళ్లు పడితే పరుగు చుట్టు పూర్తయినట్టే, నాలుగు వందల మీటర్లు. డ్రిల్లు మాస్టర్లు టేపు తెచ్చినా బయటికి తీయనిచ్చేవాడు కాదు. ఆ గర్వమే కొంప ముంచింది.

డెబ్భై ఎనిమిదిలో జిల్లా పోటీలకు ముందురోజు మధ్యాహ్నం, రెండేళ్లుగా మొహం చాటేసిన వాన ఒక్కసారిగా కురిసింది. ఆదెప్ప తాడు నేల మీదే వదిలేసి అందరితో పాటు వానలో నిలబడ్డాడు. ఆ సీమలో వాన పడుతుంటే తాడు గుర్తుండే మనిషెవడు? పొద్దున్నే, చెరిగిపోయిన చుట్టును ఆ తడితాడుతోనే మళ్లీ కొలిచి గీశాడు. నార తడిస్తే ముడుచుకుంటుందని పలుపులు పేనిన చేతులకు తెలియక కాదు. వాన లేని ఆ రెండేళ్లలో తాడు తడవడమన్నదే మరిచిపోయాడు.

ఆ చుట్టులో పరుపులు కుట్టే మాబు సాబ్ కూతురు ఖైరున్నీసా, పదహారేళ్ల పిల్ల, జిల్లాలో ఎవరూ ఎరగని వేగంతో ఉరికింది. తక్కినవాళ్లూ వేగంగానే ఉరికారు గానీ, అదంతా తడినేల చలవ అనుకున్నారు. వారంలో ఆమెను హైదరాబాదు పోటీలకు రమ్మన్నారు.

పోటీలైన మూడో రోజు ఆదెప్ప ఎండిన తాడుతో ఊరికే కొలిచి చూశాడు. పంతొమ్మిదిన్నర తాళ్లే వచ్చింది. మళ్లీ కొలిచాడు. పంతొమ్మిదిన్నరే. పది మీటర్లు తక్కువ.

ఆ పిల్ల బయల్దేరే రోజు, చెప్పాలనే రైలు స్టేషనుకు వెళ్లాడు. మాబు సాబ్ అతని అరచేతిలో ఇంత బూందీ పోసి, నీ నేల మీదే నా బిడ్డ గెలిచిందని కళ్లొత్తుకున్నాడు. ఆదెప్ప గీత అంటే గీత అని ఐదేళ్లుగా పొగిడించుకున్నవాడికి నోరు పెగల్లేదు. పెగలక కాదు, పెగలనివ్వలేదు. తేలు కుట్టిన దొంగలా బూందీ నమిలాడు. రైలు వెళ్లిపోయింది.

హైదరాబాదులో ఖైరున్నీసా అందరికంటే చివర వచ్చింది. పెద్ద ఊరు చూసి కాళ్లు వణికాయని ఇక్కడివాళ్లు ఎగతాళి చేశారు. పిల్ల పరుగు మానేసింది. స్టేడియం గేటు ముందు నుంచి తల వంచుకుని వెళ్లేది. లోపల ఆదెప్ప అంతకంటే కిందికి వంచేవాడు. మాబు సాబ్ ఎదురొస్తే సందు మార్చేవాడు. గీతలైతే తప్పు తెలిసిన రోజే సరిచేశాడు, నోరు మాత్రం విప్పలేదు. సిగ్గుతో మనిషి సగమయ్యాడు.

ఎనభై ఆరులో ఖైరున్నీసా ఆడపిల్లల బడికి డ్రిల్లు టీచరై, పిల్లలను వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో ఇనుప టేపు. దాని కొస ఆదెప్పకు అందించబోయింది. అతడు అందుకోలేదు.

"పాపా, ఆ పొద్దు నేను గీసిన గీత తప్పు. తాడు తడిసి కురచైండె. చుట్టు పది మీటర్లు తక్కువొచ్చె. నువ్వు రైలెక్కేకి ముందే నాకు తెల్సు" అన్నాడు, నేల చూస్తూ.

ఆమె చీర అంచు కింద తన పాదాలను చూసుకుంది.

"ఎనిమిదేండ్లు నా కాళ్లనే తిట్టుకుంటి కదా మామా" అంది.

తనను తిట్టి ఉంటే బాగుండేదనుకున్నాడు ఆదెప్ప. కొట్టినా బాగుండేది. ఆమె టేపు కొసను అతని ముందు నుంచి తీసి, వరుసలో మొదట నిలబడ్డ పిల్ల చేతికిచ్చింది. చుట్టంతా వాళ్లిద్దరే కొలిచారు. ఆదెప్ప సున్నం డబ్బా పట్టుకుని వాళ్ల వెనకాల నడిచాడు. ఎక్కడ పోయమంటే అక్కడ పోశాడు.