చెంపదెబ్బల వరుస

నా చిన్నప్పుడు మా బడిలో ఒక పద్ధతి ఉండేది. సారు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్లు, చెప్పలేనివాళ్లందరి ముక్కు పట్టుకొని చెంప మీద ఒక్కటివ్వాలి. సారుకు చేయినొప్పి తప్పేది, మాకు చదువు వస్తుందని పెద్దల నమ్మకం. పాలకుర్తి దగ్గరి మా పల్లెలో దీన్ని ఎవరూ తప్పనుకోలేదు. నేను చదువులో చురుకు కాబట్టి కొట్టడమే తప్ప దెబ్బలు తిన్నది తక్కువ. ఆ సంగతి గొప్పగా చెప్పుకొనేదాన్ని కూడా.

ఐదో తరగతిలో ఒకరోజు సారు, రష్యా అంత పెద్ద దేశాన్ని యుద్ధంలో ఓడించిన చిన్న దేశమేదని అడిగారు. జపాన్ అని నేను చెప్పాను. చెప్పలేనివాళ్లలో నా పక్కన కూర్చునే నేస్తం కూడా ఉంది. వాళ్లమ్మ కూలికి పోతే తమ్ముణ్ని చంకనేసుకొని తిరుగుతూ, వీలైన రోజు మాత్రమే బడికి వచ్చే పిల్ల. దానికి జపాన్ ఎట్లా తెలుస్తుంది? నేను దాని చెంపను ఊరికే తాకి వదిలేశాను. సారు నన్ను దగ్గరికి పిలిచి, దెబ్బంటే ఇట్లా ఉండాలని నా చెంప మీద కొట్టి చూపించి, మళ్లీ కొట్టమన్నారు. ఆ మంటలో, నలుగురి ముందు పరువు పోయిందన్న కోపంలో, బలమంతా పెట్టి కొట్టాను. దాని పెదవి చిట్లింది. అది ఏడవలేదు. నా వైపు ఒకసారి చూసి, పలక తీసుకొని వెళ్లిపోయింది. ఆ తర్వాత రెండు రోజులు బడికి రాలేదు.

మూడోరోజు ఆదివారం. నాకు అన్నం సయించక మా చిన్న తాత దగ్గరికి పోయాను. చిన్న తాత అంటే మా తాతకు ఆఖరి తమ్ముడు. వయసులో సిపాయిగా నిజాం పల్టన్‌లో చేరి, సముద్రం దాటి మలయా పోయి, అక్కడ జపాన్ వాళ్లకు పట్టుబడి, రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా ఖైదులో ఉండి వచ్చిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. పశువుల కొట్టం పక్క గదిలో ఒక్కడే ఉండేవాడు. గోడవైపు తిరిగి అన్నం తినేవాడు, కంచంలో ఒక్క మెతుకు మిగల్చేవాడు కాదు. ఆయన కథలు విని విని ఇంట్లోవాళ్లకు విసుగొచ్చింది. దాంతో ఆయనా చెప్పడం మానేశాడు.

ఆయన వాకిట్లో కూర్చొని మక్కజొన్న కంకులు ఒలుస్తున్నాడు. నా మనసులో ఉన్నదొకటి, నేను అడిగిందొకటి. జపాన్ సిపాయిలు నిజంగా అంత గొప్పవాళ్లా అని అడిగాను. ఆయన చేతిలో కంకిని అటూ ఇటూ తిప్పాడు. అడిగినవాళ్లు ఎన్నాళ్లకో దొరికారు కాబట్టి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదనుకుంటాను.

ఖైదులో ఒక ముసలి జపాన్ కావలివాడు ఉండేవాడట. ఇద్దరికీ తెలిసిన నాలుగు మలయా మాటలతోనే మాట్లాడుకునేవారట. ఆ కావలివాడి తండ్రి కూడా సిపాయే. రష్యాతో యుద్ధం జరిగినప్పుడు, పట్టుబడిన రష్యా వాళ్లకు కాపలా ఉన్నాడు. ఆ రోజుల్లో ఖైదీలకు డాక్టర్లను పెట్టారట, వేడినీటి బుగ్గల్లో స్నానాలకు పంపారట, చనిపోయినవాళ్లకు వరుసగా సమాధులు కట్టారట. కొడుకు కాలం వచ్చేసరికి పల్టన్‌లో చెప్పే చదువే మారిపోయింది. శత్రువుకు చిక్కడమంటే చావుకన్నా సిగ్గు, చిక్కినవాడు మనిషే కాదు అని నేర్పారు. ఆ ముసలివాడు ఈ సంగతి చెప్పి, తలవంచుకొని పోయేవాడట.

తర్వాత చిన్న తాత గింజలు ఒలిచిన మక్క బెండ్లను నేల మీద దగ్గరదగ్గరగా వరుసగా నిలబెట్టాడు. అన్నిటికన్నా పెద్దది అక్కడి పెద్ద దొర అన్నాడు. దాని పక్కది చిన్న దొర, ఆ పక్కది సిపాయి, తర్వాతది కావలివాడు, ఆఖరుది ఖైదీ. పెద్ద దొర చిన్న దొరను కొడతాడు, చిన్న దొర సిపాయిని కొడతాడు, సిపాయి కావలివాణ్ని కొడతాడు, కావలివాడు ఖైదీని కొడతాడు. ప్రతి ఉదయం అదే పని అంటూ మొదటి బెండును వేలితో నెట్టాడు. ఒకదాని మీద ఒకటి పడుతూ అన్నీ పడిపోయాయి. మళ్లీ ఓపిగ్గా అన్నిటినీ నిలబెట్టి నా వైపు తిరిగాడు.

“గిండ్ల నువ్వేడున్నవ్ బిడ్డా?”

నా చెంప మీద ఇంకా తగ్గని వాపును ఆయన చూశాడని అప్పుడు అర్థమైంది. బడిలో జరిగినదంతా చెప్పి, సారు నన్ను కొట్టాడు కాబట్టి నేను ఆఖరిదాన్నని ఆ చివరి బెండు చూపించాను. ఆయన ఇంకో చిన్న బెండు తెచ్చి నా తర్వాత నిలబెట్టాడు. నాకు ఏడుపొచ్చింది.

“నేను గూడ గీడనే ఉంటి,” అన్నాడు నా బెండును చూపిస్తూ. “నా ఎన్క ఒకడుండె.”

ఆ ఒక్కడు మా ఊరి వాగుకు అవతలి పల్లెవాడు. ఇద్దరూ కలిసే పల్టన్‌లో చేరారు. ఖైదులో గుప్పెడు అన్నం దొరికినా చెరిసగం తిన్నారు. ఒకరోజు తలల లెక్క తప్పిందని కావలివాళ్లు ఖైదీలను ఎదురెదురుగా నిలబెట్టి ఒకరినొకరు కొట్టుకోమన్నారు. మెల్లగా కొట్టినవాణ్ని తుపాకీ వెనక భాగంతో పొడిచారు. భయానికి చిన్న తాత గట్టిగా కొట్టాడు. ఆ దెబ్బకు స్నేహితుడికి ఒక చెవి వినపడకుండా పోయింది. తర్వాత ఇద్దరూ ఒకే ఓడలో, ఒకే రైల్లో తిరిగి వచ్చారు. వాగు దగ్గర విడిపోయి ఎవరి ఊరికి వాళ్లు పోయారు. ఇరవై ఏళ్లయింది, మధ్యలో ఉన్నది ఒక్క వాగు, ఆయన దాటలేదు.

“పో బిడ్డా. గియ్యాల్నే పో. రేపు పోత అంటె నా లెక్కనే అయితది.”

పోయాను. నేస్తం గుడిసె ముందు కూర్చొని తమ్ముడికి తల దువ్వుతోంది. పెదవి మీద పుండు ఎండి నల్లబడింది. నేను ఎదురుగా నిలబడ్డాను. అది తలెత్తలేదు. ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు. చివరికి అది తమ్ముణ్ని ఎత్తుకొని లోపలికి పోయింది. నేను తిరిగి వచ్చాను.

చిన్న తాత దారిలోకి వచ్చి ఎదురుచూస్తున్నాడు. మాట్లాడిందా అని అడిగాడు. ఆయన ముఖంలో అంత ఆశ అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. మాట్లాడిందని అబద్ధం చెప్పాను.

మర్నాడు పొద్దున్నే ఆయన ఉతికిన ధోవతి కట్టుకొని వాగు దాటిపోయాడు. ఇంట్లోవాళ్లు కొద్దిగా నవ్వారు, కొద్దిగా పరేషాన్ అయ్యారు. పొద్దుగూకే వేళకు తిరిగి వచ్చాడు. ఆయన వెంట ఒక పొడుగాటి మనిషి వాగు దాకా సాగనంపడానికి వచ్చాడు. ఇద్దరూ చాలాసేపు ఇసుకలో పక్కపక్కన నిలబడ్డారు. ఆ రాత్రి చిన్న తాత గోడవైపు తిరగకుండా మా అందరితో కూర్చొని తిన్నాడు. స్నేహితుడు ఏమన్నాడని అడిగితే చెప్పాడు.

“కొట్టింది మర్శిపోలేదట. కొట్టినందుకంటె రాలేదనే ఎక్కువ నొచ్చిందట.”

ఆ మాట విని తెల్లవారగానే నేను మళ్లీ పరుగెత్తాను. గుడిసె తలుపుకు తాడు కట్టి ఉంది. మిరపతోటల్లో కూలికి మానుకోట వైపు పోయారని పక్కింటి అవ్వ చెప్పింది. వాళ్లు మళ్లీ మా ఊరికి రాలేదు. చిన్న తాత మాత్రం బతికినంత కాలం, వారానికోసారి వాగు దాటి వెళ్లాడు. అదంతా నా వల్లే అని ఇంట్లో అందరికీ చెప్పేవాడు. నేను నిజం చెప్పలేకపోయాను.

ఇప్పుడు జనగామలో ఒక్కదాన్నే ఉంటున్నాను. ముప్పై ఏళ్లకు పైగా పంతులమ్మగా పనిచేశాను. నా తరగతిలో ఒక పిల్ల చేత ఇంకో పిల్లను కొట్టించలేదు. జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చినప్పుడు వాళ్ల సిపాయిలను టీవీలో చూశాను. మోకాళ్ల లోతు బురదలో ముసలివాళ్లను వీపున మోస్తున్నారు. దొరికిన శవం ముందు చేతులు జోడించి నిలబడుతున్నారు. వేడినీళ్లిచ్చిన తాతలు, చెంపలు వాయించిన తండ్రులు, ఈ మనవలు, అందరూ ఆ ఒక్క దేశం వాళ్లే. చిన్న తాత ఉంటే ఆ టీవీ ముందు నుంచి లేచేవాడు కాదు.

నేస్తం మాట్లాడలేదని ఎన్నో ఏళ్లు నాలో నేనే బాధపడ్డాను. ఆ గుడిసె ముందు అంతసేపు నిలబడి నేను కూడా ఒక్క మాట అనలేదని చాలా ఆలస్యంగా తట్టింది. తప్పు నాది, ముందు నోరు విప్పాల్సింది నేను. అప్పటినుంచి ఎవరినైనా నొప్పిస్తే ఆ రోజే వెళ్లి, ముందు నేనే మాట్లాడతాను. ఆ ఒక్క పిల్లకు చెప్పాల్సిన మాట మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది.