కోతులకు నిచ్చెన వేసిన నివేదిక

ఒక ఊరి పక్షుల్ని నేను నాశనం చేశాను. తుపాకీతో కాదు, బాల్‌పెన్నుతో. మీరు నవ్వండి, నాకు మాత్రం నవ్వు రావడం ఎప్పుడో మానేసింది.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. బడికి సరిగా వెళ్ళకుండానే దాన్ని పోగొట్టుకున్న ఘనుణ్ణి నేను. పాత పుస్తకాలు కొనుక్కుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, పర్యావరణ పథకాలు ఎలా నడుస్తున్నాయో చూసి నివేదికలు రాసే పరిశోధకుణ్ణయ్యాను. డిగ్రీ లేదన్న దిగులు కొద్దీ, చేతికిచ్చిన ఫారాన్ని వేదంలా నమ్మేవాణ్ణి.

శ్రీకాకుళం అవతల చిత్తడి నేలల పక్కన ఒక పల్లె. ఏటా అక్కడి చింతచెట్ల మీదికి గూడబాతులు గుడ్లు పెట్టడానికి వచ్చేవి. పురిటికొచ్చిన ఆడపిల్లలంటూ ఊళ్ళో దీపావళికి టపాకాయ కూడా కాల్చేవారు కాదు. వాటి రక్షణ ఎలా ఉందో చూసి రమ్మని మా ఆఫీసువాళ్ళు ఫారం చేతికిచ్చి పంపారు. మెడలో బైనాక్యులర్స్ వేసుకుని, కొత్తల్లుడిలా మంచం వేయించుకుని కూర్చున్నాను.

చెట్ల కింద అప్పలనరసమ్మ అనే ముసలావిడ. గడియకోసారి లేచి రేకుడబ్బా కొట్టేది. కొట్టినప్పుడల్లా ‘మానవ జోక్యం’ అన్న గడిలో నేనొక గీత గీసేవాణ్ణి.

“ఏటి బాబూ, అలగ గీతలు గీసేస్తన్నావు?”

“పక్షుల్ని ఎన్నిసార్లు బెదరగొడుతున్నావో రాస్తున్నానమ్మా.”

“నానా? ఓలమ్మో! ఆటికి నాను అలవాటే. డబ్బా కోతులకి. గుడ్లు ఎత్తుకుపోతాయి బాబూ. కోతుల్ని రాసుకో.”

“కోతులకి ఇందులో గడి లేదమ్మా.”

“గడి నేదని అయి రాకుండా ఉంటాయేటి?”

ఇంతకన్నా తెలివైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేనేం చేశానో తెలుసా? ఆవిడ మాట్లాడినందుకు ఇంకో గీత గీశాను!

సిఫారసు కూడా రాశాను: చెట్ల చుట్టూ ఇనుప కంచె వేయాలి, మనిషన్నవాణ్ణి లోపలికి రానివ్వకూడదు.

ఇక్కడ నా కడుపుమంట ఒకటి వినాలి. ఉద్యోగమంతా సిఫారసులు రాశాను. ఏట్లో ఇసుక తవ్వొద్దన్నాను, తీరాన సరుగుడు తోటలు కొట్టొద్దన్నాను. అన్నీ బీరువాల్లో చెదలకి విందయ్యాయి. అమలైంది ఇదొక్కటే. అదీ నెల తిరక్కుండా, బోర్డుతో, తాళంతో!

మరుసటి ఏడు ఫలితం చూసి రమ్మని నన్నే పంపారు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టంటారు. నేను నిచ్చెనే వేయించాను. కోతులు కంచె పట్టుకుని పిల్లాపాపలతో చెట్లెక్కి దిగుతున్నాయి. గూళ్ళలో ఒక్క గుడ్డు లేదు. చెట్టు మీద ఒక్క పక్షి లేదు. కంచె బయట అప్పలనరసమ్మ, ఒళ్ళో డబ్బా.

“కొట్టడం లేదేమ్మా?”

“పురిటికొచ్చిన పిల్లలు ఎల్లిపోనారు. ఎవుల కోసరం కొట్టమంటావు?” నా చేతిలో ఫారం వైపు చూసింది. “ఈపాలి ఏటి గీస్తావు బాబూ?”

గీయడానికేముంది? ‘మానవ జోక్యం’ గడి ఖాళీ. కింద అచ్చువేసి ఉంది: గీతలు లేకపోతే పథకం సఫలం. చచ్చినట్టు సంతకం పెట్టాను.

ఆ చెట్లు నేటికీ ఖాళీయే. అందుచేత అప్పలనరసమ్మ రేకుడబ్బా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్ళీ సిఫారసు రాయను. రాయక తప్పకపోతే ఇసుక గురించీ సరుగుడు గురించీ రాస్తాను. వాటివల్ల ఏ పక్షికీ ప్రమాదం లేదు. ఎవరూ అమలు చెయ్యరు.