తూము దగ్గర మోగిన బెల్లు

దెయ్యాలున్నాయని ఎవరన్నా చెబితే, చాల్లే ఊరుకోమనేదాన్ని. సమాధుల దొడ్డి పక్క కల్లంలో మిరపకాయలకి కాపలా పడుకున్న మనిషిని నేను. దోమలు తప్ప ఏవీ నా జోలికి రాలేదు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. ఒక్క ముక్క కూడా సొంతంగా కలపొద్దని దానికి ముందే చెప్పాను.

మాది తిరువూరు. మా ఆయన యేసోబు పోయాక నాకు తోడు ఆయన అక్క, మరియమ్మ వదిన. ఆయన ఉన్న రోజుల్లో ముగ్గురం మసక చీకట్లోనే సైకిళ్ళ మీద గంపలగూడెం వైపు మిరపకోతలకి పోయేవాళ్ళం. ముందు ఆయన, వెనక మేము. గుంట వస్తే ఆయన బెల్లు ఒకసారి కొట్టేవాడు. దిగి నడవాల్సిన చోటైతే రెండుసార్లు. ఆయన పోయాక ఆ సైకిలు పాత ఇనుము వాడికి వేసేశాం, బెల్లుతో సహా.

వదినకి కంటి నరం ఎండిపోతోందని డాక్టరు గారు చెప్పారు. ఎదురుగా ఉన్నది గొట్టంలోంచి చూసినట్టు కనబడుతుంది. పక్కన ఏముందో, కాళ్ళ దగ్గర ఏముందో కనబడదు. ఆ కాస్త చూపు కూడా ఎన్నాళ్ళుంటుందో తెలియదన్నారు.

ఆసుపత్రి మెట్లు దిగుతూ వదిన ఒక్కటే అంది. "చూపు పోయేలోపు సముద్రం చూడాలే. సైకిలు మీద తీసుకుపోతానన్నాడుగా తమ్ముడు."

"బస్సులో పోదాం వదినా."

"బస్సెక్కితే నూజివీడు రాకముందే కక్కుతా. సముద్రం దాకా నా పేగులు మిగలవు."

అలా బయలుదేరాం. నేను నెత్తికి మా ఆయన ఎర్ర తువ్వాలు కట్టుకుని ముందు. దాన్నే చూసుకుంటూ వదిన వెనక. మా రెండు సైకిళ్ళకీ బెల్లు లేదు. అందుకని దారిలో ఏదన్నా వస్తే "గుంటా!" అని అరిచేదాన్ని. రెండు రాత్రులు చుట్టాల ఇళ్ళలో ఆగాం.

మూడో రోజు గుడివాడలో తెల్లారేసరికి వాన. వాయుగుండం పట్టింది, ఆగండి అన్నాడు వదిన మేనల్లుడు.

"రేపటికి నా చూపుంటదని రాసిస్తావంట్రా?" అంది వదిన. ఆ వానలోనే బయలుదేరాం.

బందరు దాటాక గాలి ఎదురు తిరిగింది. పెడల్ మీద నిలబడి తొక్కినా సైకిలు కదలడం లేదు. వాన ముఖానికి ఇసుక విసిరినట్టు కొడుతోంది. నేను రెండుసార్లు వెనక్కి పోదామనుకున్నాను. అరవై దాటిన వదిన ఒక్కసారి కూడా ఆగుదామనలేదు. వెనక నుంచి చర్చి పాట అందుకునేది. నోట్లో వాన పడితే ఉమ్మేసి మళ్ళీ అందుకునేది. ఆ పాట సిగ్గుకే నేను తొక్కాను.

రొయ్యల చెరువుల మధ్య దారిలో నా సైకిలు చైను ఊడి ఇరుక్కుపోయింది. తువ్వాలు విప్పి, దాంతో చైను పట్టుకుని లాగుతున్నాను. పక్కనుంచి సైకిలు దాటిన చప్పుడైంది. తలెత్తేసరికి వదిన వానలోకి వెళ్ళిపోయింది.

"వదినా, ఆగు!" అని అరిచాను. ఎదురుగాలికి నా కేక నా వెనక్కే పోయింది.

దారికి రెండు వైపులా లోతు కాలువలు. కాళ్ళ దగ్గర చూపు లేని మనిషి. సైకిలు తోసుకుంటూ పరుగెత్తాను.

చెరువు గట్టు మీద పాకలో కాపలా అతను కనిపించాడు.

"ఒక పెద్దావిడ ఇట్టా పోయిందా అన్నా?"

"పోయిందమ్మా. బెల్లు చప్పుడికే బయటికొచ్చి చూశా. ఒక్కతే పోతంది."

ఆ మాట అప్పుడు నా చెవికెక్కలేదు.

కాస్త ముందు తూము సగం కూలి నీళ్ళలో పడి ఉంది. మిగిలిన సగం మీద బురదలో ఒక్క సైకిలు జాడ, దాని పక్కన వదిన పాదాలు. దిగి, నడిచి దాటింది. కనబడని మనిషి అక్కడే ఎందుకు దిగింది?

సముద్రం దగ్గర వదిన మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉంది. బయటికి రమ్మని టీకొట్టు అతను తిడుతున్నాడు.

"ఏమే సుగుణా, ముందు పోయి వెనక నుంచి వస్తావేంటే?" అంది వదిన నన్ను చూసి.

నేను సైకిలు ఇసుకలో పడేసి నీళ్ళలోకి దిగాను.

"తూము దగ్గర రెండు కొట్టావు కాబట్టి దిగా. లేకపోతే ఈపాటికి చేపలకి విందు. బెల్లు బిగించుకున్నావని ముందే చెప్పొచ్చుగా?"

"దారి ఎట్టా తెలిసింది వదినా?"

"నీ ఎర్ర తువ్వాలు కనబడతానే ఉందిగా, ఇక్కడి దాకా."

తువ్వాలు నా చేతిలో ఉంది, గ్రీజుతో నల్లగా. దాన్ని కొంగులో దాచేశాను. వదిన అప్పటికే సముద్రం వైపు తిరిగిపోయింది. చిన్నపిల్లలా నోరు తెరిచి చూస్తోంది.

"ఇన్ని నీళ్ళు ఎవరు మోశారే!" అంది.

ఆ చూపు ఎక్కువ రోజులు నిలవలేదు. ఇప్పుడు వదినకి వెలుగు తప్ప ఏమీ కనబడదు. అయినా ఏడవదు. వీధిలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఆ అలలు ఎంత ఎత్తున లేచాయో చేతులు చాపి చూపిస్తుంది. అంత గుండె నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

ఆ రోజు ఆమె ముందు ఎవరున్నారో నాకు తెలియదు. దేవుణ్ణి అడిగాను, పాస్టరు గారిని అడిగాను. ఇప్పటికీ తెలియదు. వదినకి మాత్రం నేను కాదని చెప్పలేదు.

మొన్న నేను సైకిలు బయటికి తీస్తుంటే, "ఆ బెల్లు ఒకసారి కొట్టవే, వినాలనుంది" అంది. ఆ పూటే బజారుకి పోయి కొత్త బెల్లు బిగించుకొచ్చాను. అరుగు ముందు నిలబడి రెండుసార్లు కొట్టాను.

వదిన తల పక్కకి వంచి విన్నది.

"ఇది కాదే," అంది.