గదిలోకి అందరినీ పిలిచిన రోజు

2023 చలికాలం, అరకులోయలో మా కాఫీ కంపెనీ యార్డు. నేను విశాఖ ఆఫీసులో కంప్లయన్స్ విభాగంలో పనిచేస్తాను. కంపెనీలో తప్పు జరుగుతోందని ఎవరైనా చెబితే ముందుగా వెళ్లి విచారించే పని. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు మహా బెరుకు. అయినా ఈ ఉద్యోగమే దొరికింది.

గింజలు ఏరే ఒకావిడ మా ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేసింది. పురుగుమందులు కొట్టిన బయటి గింజల్ని సూపర్‌వైజరు మన సేంద్రియ కాఫీలో కలిపేస్తున్నాడట. తను చెప్పినట్టు తెలిస్తే పని పోతుందని, పేరు బయటపెట్టొద్దని బతిమాలింది. ఇక్కడా పెట్టను.

వెళ్లగానే లీగల్ హోల్డ్ ఇచ్చాను. విచారణ తేలేదాకా ఒక్క బస్తా కదలకూడదు, ఫోన్లలో ఒక్క మెసేజీ చెరపకూడదన్న ఉత్తర్వు అది. సూపర్‌వైజరు తలూపి, ఎవరొస్తారో చూస్తూ ఆఫీసు గది గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"ముందు ఆవిణ్ణి పిలిచి, తలుపేసి మాట్లాడు," అన్నారు ఫోన్లో మా మేనేజరు. పద్ధతి అదే. కిటికీలోంచి చూశాను. ఆడవాళ్లంతా ఒకే పట్టా మీద గుండ్రంగా కూర్చుని ఏరుతున్నారు. వాళ్ల ఊళ్లలో తగువైనా అందరూ కూర్చునే మాట్లాడుకుంటారు. ఒక్కతే లేచి ఆఫీసు గదిలోకి వెళ్తే, చెప్పింది ఆమేనని అక్కడికక్కడే తెలిసిపోతుంది.

"అందర్నీ పిలుస్తాను సార్."

"ఆలస్యమవుతుందమ్మా."

"అవనివ్వండి సార్," అన్నాను. అన్నాక భయమేసింది.

కూర్చున్న వరసలోనే పిలిచాను.

"ఏటి మేడమ్, ఒకొక్కర్నీ పిలుత్తన్నారు, పెళ్లిసూపులేటి?" అంది ఒక పెద్దావిడ.

"నీకింకా సూపులేటే, మనవలు పుట్టేసినారు," అంది పక్కామె. అందరూ నవ్వారు. నేను తర్వాతి పేరు రాసుకున్నాను.

ఫోన్ చేసినావిడ వంతు వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నా పేరు రాసీసినావేటి?"

"అందరి పేర్లూ రాశానమ్మా. ఎవరేం చెప్పారో పేరు పక్కన రాయను."

తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "నీలం దారం కుట్టిన బస్తాలు ఇప్పించి సూడు. బేగి. రాత్రికి లారీ వొత్తాది, నువ్వొద్దన్నా ఎక్కించీత్తాడు."

వెంటనే లేస్తే ఆవిణ్ణి పట్టించినట్టే. మిగిలినవాళ్లందరితోనూ మాట్లాడాను. వాళ్లేం చెబుతున్నా నా చెవి లారీ చప్పుడు మీదే ఉంది. అందరూ అయ్యాక రంగుతో పని లేకుండా ప్రతి బస్తాలోంచీ నమూనా తీయించాను. ల్యాబులో మందు బయటపడింది నీలం దారం బస్తాల్లోనే.

"ఎవరు చెప్పారు మేడమ్?" అనడిగాడు సూపర్‌వైజరు.

"అందరితోనూ మాట్లాడానండి."

అతన్ని తీసేశారు. అతని చుట్టాలు ఇంకా యార్డులోనే ఉన్నారు. విచారణ మొదట్లో దోషిని పట్టుకోవడం కన్నా, నోరు విప్పిన మనిషిని కాపాడడమే ముందు పని అని అక్కడ నేర్చుకున్నాను. ఆ పని ఫైలు మూసినంత మాత్రాన అయిపోదు. యార్డుకు ఫోన్ చేసినప్పుడల్లా ఆవిడ గురించి అడగాలనిపిస్తుంది. పేరెత్తకూడదు.

"ఆడవాళ్లంతా పనికొస్తున్నారా?" అంటాను.

"వస్తున్నారు మేడమ్," అంటారు. ఆ 'అంతా'లో ఆవిడ ఉందో లేదో తెలియకుండానే ఫోన్ పెట్టేస్తాను.