పట్టపగటి బ్యాటరీలైటు

మొన్న నరసరావుపేట బజారులో అరచేతిలో ఇమిడే టార్చిలైటు ఒకటి కొన్నాను. ఇంటికొచ్చి వెనక మూత తిప్పబోతే తిరగలేదు. తిరగడానికి అసలు మూతే లేదు, అంతా ఒకే ముద్దగా జిగురు పెట్టి అతికేశారు. చెడిపోతే ఏం చెయ్యాలని మళ్ళీ కొట్టుకెళ్ళి అడిగితే, ఆ కుర్రాడు నవ్వి, పారేసి ఇంకోటి కొనుక్కోమన్నాడు. ఒళ్ళు మండిపోయింది. విప్పి చూడటానికి వీల్లేని వస్తువును మనిషి చేతిలో పెట్టడం ఏ రకం వ్యాపారమో నాకీ జన్మకి అర్థం కాదు. మా రోజుల్లో మూత తిప్పగానే ఇత్తడి కిలుమూ, కారిన సెల్లు పులుపూ, తుప్పు పట్టిన స్ప్రింగూ కలిసిన వాసన ఒకటి గుప్పుమనేది. అది ముక్కుకు తగిలితే ఈ వయసులోనూ నా వేళ్ళు ఊరుకోవు.

ఎనభైల మొదట్లో మేము దాచేపల్లి దగ్గర సున్నపురాయి క్వారీని ఆనుకున్న పేటలో ఉండేవాళ్ళం. ఎండాకాలం వచ్చిందంటే పొద్దెక్కకముందే నేల కాలిపోయేది, తుమ్మాకుల మీదా, ఆరేసిన చీరల మీదా, కంచంలోని జొన్నన్నం మీదా తెల్లటి దుమ్ము సన్నగా పేరుకునేది, తొలి ఏకాదశికి అమ్మ దంచిన పేలపిండికీ పని నుంచి వచ్చిన నాయన తలకూ రంగులో తేడా తెలిసేది కాదు, మేము పిల్లలం బెల్లం కలపకముందే ఆ పిండి గుప్పిళ్ళతో ఎత్తుకుపోయి, తూటా పేలిందని అరుస్తూ ఒకరి మొహం మీద ఒకరం ఊదుకుని, దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళం. బ్యాటరీలైటు ఇంటింటికీ ఉండేది. దాన్ని అరచేతికి ఆనించి వేళ్ళు ఎర్రగా వెలగడం చూసి మిగతా పిల్లలు మురిసిపోయేవాళ్ళు. నాకు ఆ వెలుగుతో పని లేదు, అది ఎట్లా వస్తుందో కావాలి. ఏడో తరగతితో బడి వదిలేసి, నరసరావుపేటలో రేడియోలు బాగుచేసే మస్తాన్ మామ కొట్టులో కూర్చోవడం మొదలుపెట్టింది అందుకే.

మా నాయన కోటయ్య క్వారీలో రాయి కొట్టేవాడు. రాయిలో తూటాలు పెట్టి పేల్చబోయే ముందు మేస్త్రి ఈల వేస్తాడు. ఈల వినగానే గునపం ఎక్కడిదక్కడ పడేసి పరుగెత్తాలి. అంతకు ముందు ఎండాకాలం ఒకాయన ఈల వినక కాలు పోగొట్టుకున్నాడు. ఆయన్ని చూడటానికైనా రాని యజమాని, చెవులు మందగించినవాళ్ళను పనిలోంచి తీసెయ్యమని కబురు మాత్రం పంపాడు. ఆ చెవులు ఎవరి రాయి కొట్టి మందగించాయో అడిగే దిక్కు లేదు. నాయనకు అప్పటికే సగం వినబడేది కాదు. పక్కవాళ్ళు పరుగెత్తితే తానూ పరుగెత్తి నెట్టుకొస్తున్నాడు. ఒకరోజు వంగి గడ్డ పెకలిస్తూ ఎవరినీ చూడలేదట. లేచేసరికి రాయి వచ్చి చెయ్యి చాపే దూరంలో పడింది. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉన్నాడు గానీ తినలేదు. పని మానితే పొయ్యి వెలగదు, మానకపోతే మనిషి దక్కడు.

టేపురికార్డరు మైకుబిళ్ళ ఒకటీ, ట్రాన్సిస్టర్లు రెండో మూడో, రేడియోకిచ్చే ఇయర్‌ఫోనూ ఉంటే చిన్న మాటను పెద్దది చెయ్యొచ్చని మస్తాన్ మామ దగ్గర నేర్చుకున్నాను. పాత సామాన్లలోంచి ఆయనే అవన్నీ ఏరి ఇచ్చాడు. అట్టముక్క మీద అమర్చి టంకం పెట్టాను. బాగానే పలికింది. చిక్కంతా దాన్ని దేంట్లో పెట్టాలన్న దగ్గరే వచ్చింది. సబ్బుపెట్టె చూస్తే మేస్త్రి అదేందని అడుగుతాడు. ఎవరూ అనుమానపడని వస్తువై ఉండాలని అమ్మ గట్టిగా చెప్పింది. నాకు బ్యాటరీలైటు తప్ప ఇంకోటి తోచలేదు.

శివరాత్రికి కొండ తిరునాళ్ళకు పోయాం. ఆకాశాన్నంటే ప్రభలు, వాటి చుట్టూ డప్పులు, గుట్టలుగా పోసిన చెరుకుగడలు, బెల్లం జీళ్ళ మీద ముసిరే ఈగలు, తప్పిపోయిన పిల్లల పేర్లు చెప్పే మైకు, ఇవన్నీ పక్కన పెట్టి నేను లైట్ల దుకాణాల ముందే తచ్చాడుతున్నాను. మూడు సెల్లుల లైటు రోకలంత పొడుగు. పలకలాగా ఉన్నదానిలో లోతు లేదు. ఎర్ర ప్లాస్టిక్‌ది తేలిక, కానీ మస్తాన్ మామ కొట్టులో అట్లాంటి డొల్లలో పెట్టి చూస్తే ట్యూబులైటు గుర్రు మొత్తం చెవిలోకి దిగింది. రేకుదైతే ఆ గుర్రును బయటే ఆపుతుంది. చివరికి రెండు లావు సెల్లులు పట్టే పొట్టి ఇత్తడి లైటు దొరికింది. ఒక సెల్లు చోట పెన్సిలు సెల్లులు రెండు పక్కపక్కన నిలబడతాయి, రెండో చోట నా అట్టముక్క. మూతలు తిప్పడం, లోపల వేలు పెట్టి కొలవడం, స్ప్రింగు నొక్కడం చూసి దుకాణం ఆయనకు విసుగొచ్చింది.

"వెలుగుద్దో లేదో చూసుకోవేందిరా? వెనకమాల చూసి కొంటానికి ఇదేమన్నా గేదా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేను అదే కొన్నాను.

అద్దం తీసేసి అక్కడ టీ వడపోసే జాలీ బిగించి వెనక మైకుబిళ్ళ పెట్టాను. లైటుకు తాడు కట్టి మెడలో వేసుకుంటే తీగె తలగుడ్డ కిందినుంచి చెవిలోకి పోతుంది. నాయన మొదటిసారి మీట జరిపి, పొయ్యి దగ్గర అమ్మ గొణుగుడు విని అటు తిరిగాడు.

"ఇన్నేళ్ళ నుంచి నన్ను ఇట్టా తిడతన్నావటే?"

"ఒరేయ్ పెద్దోడా, అది క్వారీలోనే పెట్టుకోమను మీ నాయన్ని. ఇంట్లో వద్దు," అన్నది అమ్మ.

అన్నీ ఆలోచించామనుకున్నాం. మెడలో బ్యాటరీలైటు వేసుకుని పట్టపగలు ఎండలో రాయి కొట్టేవాడు లోకంలో ఎవడుంటాడన్నది మా ముగ్గురికీ తట్టలేదు. నాయన అది వేసుకుని పనికి పోయిన మొదటి రోజు నేను సద్దికూడు తీసుకుని క్వారీకి పోయేసరికి అంతా నాయన చుట్టూ మూగి, దారి కనపడటంలేదా అని ఆటపట్టిస్తున్నారు. మేస్త్రి వచ్చి వెలిగించమన్నాడు. నాయన మీట జరిపాడు. వెలగలేదు. సెల్లులు అయిపోయాయన్నాడు. క్వారీలో బీడీ ముక్కైనా, సెల్లైనా లేదన్నవాడికి ఉన్నవాడు ఇవ్వాల్సిందే. మేస్త్రి కూడా మంచి మనసుతోనే తన సెల్లులు తెస్తానని చెప్పి, లైటు అందుకుని మూత తిప్పాడు. అట్టముక్క బయటకొచ్చింది. తీగె లాగితే తలగుడ్డ ఊడి, చెవిలోది ఆయన చేతిలో పడింది.

నాయన నేల చూస్తూ నిలబడ్డాడు. మేస్త్రి అందరినీ పనిలోకి తోలేసి, మూత బిగించి, ఆ ఇయర్‌ఫోన్ తన చెవిలో పెట్టుకున్నాడు. తర్వాత జేబులోంచి ఈల తీసి మెల్లగా ఊదాడు.

"నా ఈల ఇట్టా ఉంటదా కోటయ్యా?"

నాయనకు వినబడలేదు. నేనే తలూపాను. ఆయన లైటు మళ్ళీ నాయన మెడలో తానే వేసి, చెవి దగ్గరకు వంగి, నాకు కూడా వినపడేంత గట్టిగా అన్నాడు.

"ఇట్టాంటిదే నాకోటి చేపియ్యి. ఎవురికీ చెప్పమాక."

నాయన పని నిలబడింది. తర్వాత ఒక్కొక్కరే, ఒకరికి తెలియకుండా ఒకరు, ఇంట్లో లైటు కండువాలో చుట్టుకుని మా గుమ్మం ముందుకొచ్చారు. సొట్టలవి, పొడుగువి, తుప్పు పట్టినవి. ఎన్నిటికని చెయ్యను? కోపంతో కొన్ని విసిరికొట్టాను కూడా.

ఇప్పుడు ఆ క్వారీ గుంట నిండా నీళ్ళు. పక్క ఊళ్ళవాళ్ళు మా పేటవాళ్ళను నోరుపెద్దోళ్ళనీ, మంచినీళ్ళు అడిగినా తగువుకొచ్చినట్టు అరుస్తారనీ అనేవాళ్ళు. పేరంటానికి పిలవాలన్నా జంకేవాళ్ళు. ఆ లైట్లన్నీ మా గుమ్మంలోకి వచ్చేదాకా నేనూ అది మా గడ్డ పౌరుషమనే అనుకున్నాను. మొన్న వెళ్ళి ఆ వీధిలో ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాను. అందరూ మెల్లగా, మర్యాదగా మాట్లాడుకుంటున్నారు. అరిచేవాళ్ళలో ఒక్కరు కూడా మిగల్లేదు.