మా చిన్నమ్మ మొక్కు, చిన్నాయన కాళ్లు

సబాటికల్ అంటే ఏమిటో మా బంధువుల్లో ఎవరికీ సరిగా చెప్పలేకపోయాను. ఏడాదిపాటు పాఠాలు చెప్పక్కర్లేదు, సొంత పని చేసుకోవచ్చు, జీతం మాత్రం వస్తుంది అంటే మా చిన్నమ్మ గొంతు తగ్గించి అడిగింది: "జీతమిచ్చి ఇంట్లో కూసోబెట్టినారా? ఏం తప్పు చేసినావు మే?"

తప్పేమీ చేయలేదు. తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్యం నా శాఖ. షుగరు ఉన్నవాళ్ల పాదాల మీద నా పరిశోధన. ఇన్నేళ్లూ రాసిందంతా ఇంగ్లీషులో ఉంది. ఎవరి పాదాల గురించి రాశానో వాళ్లలో ఒక్కరూ దాన్ని చదవలేదు. ఈ సెలవులో వాళ్లు చదువుకోగలిగే చిన్న తెలుగు పుస్తకం ఒకటి రాద్దామని కూర్చున్నాను.

కూర్చున్నది తిరుపతిలోని ఒక లైబ్రరీలో. చిన్నప్పుడు చిత్తూరులో మా ఇంట్లో పంచాంగం తప్ప పుస్తకమనేది లేదు. గుండె ఎలా కొట్టుకుంటుందో, కాలికి తగిలిన దెబ్బ మెదడుకు ఎలా తెలుస్తుందో బడిలో చెప్పకముందే మా వీధి చివరి శాఖా గ్రంథాలయంలో చదివేశాను. అర్థం కాని పుట ఉంటే అర్థమయ్యేదాకా రోజూ అదే పుస్తకం అడిగేదాన్ని. బీరువా తాళం తీస్తూ లైబ్రేరియన్ విసుక్కునేవాడు గానీ ఇవ్వకుండా ఎప్పుడూ పంపలేదు. ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నానన్న గర్వం నాకు ఇప్పటికీ ఉంది. ఆఫీసు గదిలో దొరకని కుదురు లైబ్రరీ పొడవాటి బల్లల దగ్గర దొరుకుతుంది. అందుకే సెలవు మొదలైన దగ్గర్నుంచీ పొద్దున్నే తలుపులు తీసే వేళకు వెళ్లిపోయేదాన్ని.

ఒకరోజు "పాదాలలో స్పర్శజ్ఞానం క్రమంగా క్షీణిస్తుంది" అని రాసి, వాక్యం బాగా కుదిరిందని మురిసిపోతూ ఉండగా ఐరాల నుంచి చిన్నమ్మ ఫోను. వరండాలోకి వచ్చి మాట్లాడాను.

"నిన్న కాణిపాకం పోయినాం మే. మిట్టమధ్యాన్నం. బండలు పెనం మాదిరి కాలతా ఉండాయి. మీ చిన్నాయన కప్ప ఎగిరినట్టు ఎగరతా ఉండాడు. నేను మాత్రం గమ్మున చుట్టూ తిరిగొచ్చినా. కాలు సుర్రుమనిందే లే! సామి మహత్యం!"

వెనకనుంచి చిన్నాయన గొంతు వినిపించింది: "కప్పంట కప్ప! నీయి కాళ్లా, ఎద్దు గిట్టలా?"

"నువ్వు గమ్మునుండబ్బా. ఇనుమే, వచ్చే శనివారం తిరుమల కొండ నడిచి ఎక్కతా ఉండా. కోడలి కాన్పు బాగా అయితే చెప్పుల్లేకుండా వస్తానని మొక్కుకుంటి గదా. కాళ్లు ఇంత బాగా ఉండేటప్పుడే పోవల్ల."

ఆమె గొంతులో అంత సంతోషం. నాకు మాత్రం ఆ మహత్యం ఏమిటో తెలిసిపోయింది. చిన్నమ్మకు షుగరు ఈనాటిది కాదు. ఏళ్ల తరబడి ఉన్న షుగరు పాదాల్లోని నరాలను నెమ్మదిగా చంపేస్తుంది. ఆ తర్వాత నిప్పు మీద నడిచినా మంట తెలియదు, మేకు దిగినా నొప్పి తెలియదు. పుండు పడి, చీము పట్టి, వాసన వచ్చాక చూసుకునేసరికి వేలో పాదమో తీసేయాల్సి వస్తుంది. అలాంటివాళ్లను ఎంతోమందిని చూశాను. కొండ సంగతి తర్వాత, ముందు ఆ పాదాలు చూడాలి.

మరుసటి పొద్దున బస్సెక్కి ఐరాల వెళ్లాను. చిన్నమ్మను వసారాలో కూర్చోబెట్టి, స్పర్శ తెలుస్తోందో లేదో చూడడానికి వాడే సన్నటి నైలాన్ పోగు బయటికి తీశాను.

"కళ్లు మూసుకో చిన్నమ్మా. పోగు తగిలినప్పుడల్లా 'ఊ' అను."

బొటనవేలి మీద ఆనించాను. వేళ్ల కింద, పాదం మధ్యలో, మడమ మీద ఆనించాను. రెండో కాలికీ అంతే. చిన్నమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, బుద్ధిగా ఎదురుచూస్తూ కూర్చుంది. చివరికి విసుగొచ్చి అంది:

"ఎప్పుడు మొదలు పెడతావు మే? నాకు పాలు పితికే పనుండాది."

ఏదో ఎగతాళి చేయబోయిన చిన్నాయన దగ్గరికొచ్చి నా పక్కన కూర్చున్నాడు. పోగు ఎన్నిచోట్ల తగిలిందో ఆయన కళ్లారా చూశాడు.

పాదాన్ని వెలుతురుకు తిప్పాను. బొటనవేలి కింద కాయకాసిన చర్మంలో నల్లటి చుక్క. చుట్టూ ఎర్రగా ఉంది. చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది.

"ముల్లు ఎప్పుడు గుచ్చుకునింది?"

"యాడ?" అంటూ వంగింది గానీ ఆమెకు కనిపించలేదు.

అప్పటికప్పుడే ఆటో పిలిపించి ముగ్గురం చిత్తూరు ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు ముల్లు తీశాడు, కొంచెం చీము వచ్చింది. అది ఎముకదాకా పోయిందో లేదో ఎక్స్‌రేలో చూడాలన్నాడు. పోయి ఉంటే వేలు దక్కడం కష్టం. బయట బల్ల మీద కూర్చున్నాక చిన్నమ్మ మెల్లగా అడిగింది, "వేలు తీసేస్తారా మే?" తీయరని చెప్పాలని ఉంది. తెలిసిన దాన్ని కాబట్టి "ఎక్స్‌రే రానీ చిన్నమ్మా" అని మాత్రం అన్నాను. చిన్నాయన లేచి గోడమీది బోర్డులన్నీ ఒక్కొక్కటే చదువుతూ తిరిగాడు.

డాక్టరు ఫిల్మును వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడు. "ఎముకకేం కాలేదు. ఇంకొన్నాళ్లు ఆగి వచ్చుంటే చెప్పలేం" అన్నాడు. నేను అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాను. "ఆమెకు బాగనే ఉండాది, నీకేమైంది?" అని చిన్నాయన నాకు నీళ్లు తెచ్చిచ్చాడు.

పుండు మానేదాకా కాలు మోపకూడదని, ఇక ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా నడవకూడదని డాక్టరు చెప్పాడు. దాంతో మొక్కు మీద గొడవ మొదలైంది. తిరిగొచ్చే ఆటోలో నేను నరాల గురించి, రక్తం గురించి నేర్చుకున్నదంతా చెప్పాను. చిన్నమ్మ అంతా విని, "నువ్వు సదివిన బుక్కుల్లో మొక్కు గురించి ఏమన్నా ఉండాదా?" అంది. లేదన్నాను.

తర్వాత చిన్నమ్మ మొగుడి కాళ్లకేసి చూసింది.

"ఈయన కాళ్లకు నొప్పి తెలస్తాది గదా?"

"తెలుస్తుంది."

"అయితే ఈయనే నడస్తాడు."

"నేనా! అంగడికి కూడా బండి మింద పోయేవాణ్ణి, కొండెక్కల్లనా?"

"మొగుడి కాళ్లు నావి గాక ఇంకెవురివి? సామికి నేను సెప్పుకుంటాలే."

మరునాడు లైబ్రరీలో, బాగా కుదిరిందనుకున్న ఆ వాక్యాన్ని కొట్టేశాను. "కాళ్లకు మంటా నొప్పీ తెలియడం మానేస్తే సంతోషపడకండి. కాలెత్తి అడుగు చూసుకోండి, చూడలేకపోతే ఇంట్లోవాళ్లకు చూపించండి" అని రాశాను. అక్కణ్నుంచి పుస్తకం సులువుగా సాగింది.

పుండు పూర్తిగా మానాక ఒక శనివారం చిన్నమ్మ కొండకు బస్సులో వెళ్లింది. కాళ్లకు మెత్తటి బూట్లు, గుడి దగ్గర అవి విప్పాల్సిన చోటికి మందపాటి మేజోళ్లు. నేను అలిపిరి నుంచి, చెప్పులు విడిచిన చిన్నాయనతో నడిచాను. మోకాళ్లు, పిక్కలు, మడమలు, ఒక్కొక్కటీ ఎక్కడ నొప్పి పుడుతోందో ఆయన దారి పొడవునా చెబుతూనే ఉన్నాడు. ఆయన అలా సణిగినప్పుడల్లా నాకు హాయిగా ఉంది.

పైన నీడలో చిన్నమ్మ మాకోసం కాచుకుని ఉంది. వచ్చీరాగానే ఆయన్ను కూర్చోబెట్టి, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు లేకుండా ఆయన పాదం ఒళ్లో పెట్టుకుని వేళ్ల సందులు విప్పి చూసింది.

"బొబ్బ లేసిండాది. నొప్పి పుడతా ఉండాదా?"

"పుట్టకేం మే, పానం పోతా ఉండాది!"

"పుట్టనీ, మంచిదే" అని, తన బూటూ మేజోడూ లాగేసి పాదం ఆయన ముందు చాపింది. "ఇప్పుడు నాది సూడు."

చిన్నాయన జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకుని, ఆ పాదాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు.

"ఏమీ లే" అన్నాడు. "అంతా బాగుండాది."