సెక్టార్ సైజు ఎంత ఇచ్చిన్రు

ఆయన పేరు అడగలేదు. అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో కూర్చుని, ఆఫీసులో నా కింద పనిచేసే అమ్మాయి మీద ఫోన్లో అరిచాను. ఆమె ప్రోగ్రాం అసలు డిస్కు మీద రాయబోయి ఆగిపోతోంది.

"నా మెమొరీ డిస్కు మీద శుభ్రంగా నడిచింది కదా. తర్వాత నువ్వే ఏదో కెలికావు."

మెమొరీ డిస్కంటే ర్యామ్‌లో కొంత జాగా తీసి, అదే డిస్కని సిస్టమ్‌ని నమ్మించడం. పరీక్షల కోసం దాన్ని తయారుచేసింది నేనే.

ఫోన్ పెట్టేశాక, పక్క కుర్చీలో కమలాపండు ఒలుస్తున్న పెద్దాయన నెమ్మదిగా అన్నాడు. "ఏమనుకోకున్రి సార్. నేను సుత గీ పనే చేసి రిటైరైన. ఆ మెమొరీ డిస్కుకు సెక్టార్ సైజు ఎంత ఇచ్చిన్రు?"

డిస్కు ఒక్కసారికి రాసే ముక్క సైజు అది. మనం చెప్పకపోతే మెమొరీ డిస్కు ఐదువందల పన్నెండు బైట్లు తీసుకుంటుంది. మా అసలు డిస్కులవి నాలుగువేల తొంభై ఆరు. అంతకన్నా చిన్న ముక్కలు రాయబోతే అవి ఒప్పుకోవు.

"నాలుగువేల తొంభై ఆరే ఇచ్చానండీ," అన్నాను.

"అయితే మంచిదే," అని ఆయన నా లాప్‌టాప్ కనబడకుండా అటు తిరిగి కూర్చుని, పండు తినసాగాడు.

తెరిచి చూశాను. మెమొరీ డిస్కును తయారుచేసిన నా కమాండ్‌లో సైజే లేదు. అంటే ఐదువందల పన్నెండే. అంతలో ఆ అమ్మాయి మెసేజ్ వచ్చింది. "సారీ సర్, నాదే పొరపాటయి ఉంటుంది. మళ్ళీ మొదట్నుంచి చూస్తాను."

ఆయన ఇంకా అటే తిరిగి ఉన్నాడు.

"సరే, చూడు," అని పంపాను.